శంషాబాద్ ఫైనల్‌లో (దిగే ముందు చివరి దశలో) ఫ్లైట్ సిమ్ 'మెమరీ అయిపోయింది' అంటోంది: 16 జీబీ ర్యామ్ ఉన్నా ఎందుకు?

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాది ఎఫ్ఎస్ఎక్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల విమాన సిమ్యులేటర్) స్టీమ్ ఎడిషన్. విండోస్ 10 64-బిట్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఎక్కువగా వేసేది చెన్నై - శంషాబాద్ రూటు. ఒక పేవేర్ (డబ్బు పెట్టి కొన్న) 737, చెన్నైకి ఒక సీనరీ (విమానాశ్రయం, పరిసరాల నమూనా), శంషాబాద్‌కి ఒక సీనరీ, ఏఐ ట్రాఫిక్ (సిమ్ తనే నడిపే మిగతా విమానాలు) ప్యాకేజీ ఒకటి. ఇవి కాక దక్షిణ భారతంలో దొరికిన ఉచిత సీనరీలన్నీ వేసి పెట్టాను.

నిన్న నాన్నను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపారు, విమానం మాత్రం ఇంతవరకు ఎక్కలేదు. టేకాఫ్ దగ్గర్నుంచి ప్రతి స్విచ్ గురించీ అడుగుతూనే ఉన్నారు. 09 రైట్ ఫైనల్‌లో పాపీ లైట్లు (దిగే ఎత్తు సరిగ్గా ఉందో చూపే రన్‌వే పక్క దీపాలు) రెండు తెలుపు, రెండు ఎరుపు. అంతా సరిగ్గా ఉంది. 1,200 అడుగుల దగ్గర టెర్మినల్ పైకప్పు ఉన్నట్టుండి నల్లగా అయిపోయింది. ఇంజిన్ శబ్దం కరకరమంటూ ఒకేచోట తిరిగింది. తర్వాత బొమ్మ ఆగిపోయి, మీ కంప్యూటర్‌లో మెమరీ అయిపోయింది, సిమ్యులేటర్ మళ్లీ మొదలుపెట్టి వేరే సెట్టింగులు ఎంచుకోండి అని ఆ పెట్టె వచ్చింది. "ఏమైందిరా, ఇంజిన్ ఆగిందా?" అన్నారు నాన్న. ఏం చెప్పాలో తెలియలేదు.

ఇదే రూటు ఆరుసార్లు వేస్తే నాలుగుసార్లు ఇలాగే అయింది, రెండుసార్లు హాయిగా దిగాను. మొన్న గురువారం దిగినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అదే విమానం, అదే సీనరీ. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ర్యామ్ సగం ఖాళీగానే ఉంటోంది. దయచేసి ఎవరైనా దారి చూపించండి.

కాకినాడ పైలట్ | సోమవారం రాత్రి 10:05

బ్రదర్, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) పెంచి చూడు. 32 జీబీ దాకా పెట్టు. వీలైతే ర్యామ్ కూడా 32 చేయించు.

బేగంపేట 09 | సోమవారం రాత్రి 10:31

తమ్ముడూ, ముందు ఏదీ కొనకు, ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చేయకు. ఈ ఎర్రర్‌తో నేను పదేళ్లు కుస్తీ పట్టాను. ఎఫ్ఎస్ఎక్స్ వచ్చింది 2006 అక్టోబర్‌లో, శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో. సిమ్‌లో ఉన్న హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటే. కాబట్టి శంషాబాద్‌లో దిగాలంటే మనందరికీ యాడాన్ (విడిగా వేసుకునే) సీనరీ తప్పదు. మన ఊరి రూటు వేసే ప్రతివాడికీ ఏదో ఒకరోజు ఈ పెట్టె కనబడుతుంది.

నాలుగు వివరాలు పెట్టు. ఎఫ్ఎస్ఎక్స్ డాట్ సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ఫైల్లో ఎల్ఓడీ రేడియస్ (చుట్టూ ఎంత దూరం నేలని వివరంగా చూపాలో) ఎంత, టెక్స్చర్ మ్యాక్స్ లోడ్ (వస్తువుల మీద అతికించే బొమ్మల గరిష్ఠ సైజు) ఎంత? ఆటోజెన్ (సిమ్ తనే నింపే చెట్లూ ఇళ్లూ) స్లైడర్ ఎక్కడుంది? సీనరీ లైబ్రరీలో ఎన్ని టిక్ పెట్టి ఉన్నాయి?

డల్లాస్ తెలుగోడు | మంగళవారం ఉదయం 6:12

కాకినాడ పైలట్ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ ఎర్రర్‌కి పేజ్ ఫైల్ మందు కాదు. ర్యామ్ కూడా కాదు. 16 జీబీ ఉన్నా 64 జీబీ ఉన్నా ఫైనల్‌లో అదే చోట పడిపోతుంది. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

ఎఫ్ఎస్ఎక్స్ 32-బిట్ ప్రోగ్రాం. మెమరీలో ప్రతి బైట్‌కీ ఒక డోర్ నంబర్ ఉంటుంది అనుకోండి. 32 బిట్లతో రాయగలిగే డోర్ నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంటే 4 జీబీ. ఊళ్లో ఖాళీ స్థలం ఎంతున్నా, నంబర్ లేని ఇంటికి ఉత్తరం వెళ్లదు కదా. మీ 16 జీబీ ఆ ఖాళీ స్థలం. అయిపోతున్నవి డోర్ నంబర్లు. దీన్ని వర్చువల్ అడ్రస్ స్పేస్ అంటారు, పొట్టిగా వీఏఎస్. విమానం, సీనరీ, ఆటోజెన్, వాతావరణం, ఏఐ ట్రాఫిక్, సిమ్‌తో పాటు లోడయ్యే ప్రతి డీఎల్ఎల్ (సహాయక ప్రోగ్రాం ఫైలు), అన్నీ ఆ ఒక్క 4 జీబీలోనే సర్దుకోవాలి.

టాస్క్ మేనేజర్ మామూలుగా చూపించేది ర్యామ్‌లో ఎంత కూర్చుందో మాత్రమే. అది చూసి మోసపోవద్దు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్‌లో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఉచితంగా దొరుకుతుంది. అందులో కాలమ్స్ ఎంపికకి వెళ్లి, ప్రాసెస్ మెమరీ కింద వర్చువల్ సైజ్ టిక్ పెట్టండి. మనం చూడాల్సింది ఆ అంకె. అది 4 జీబీకి దగ్గరపడుతుంటే మీ విమానం ఏ ఎత్తులో ఉన్నా ప్రమాదమే.

ఇంకో మాట. పూర్తిగా నిండక ముందే కూడా పడిపోవచ్చు. ఆర్టీసీ బస్సులో అక్కడొకటి ఇక్కడొకటి ఇరవై సీట్లు ఖాళీ ఉన్నా, ఐదుగురూ పక్కపక్కనే కూర్చోవాలంటే కుదరదు. పెద్ద టెక్స్చర్‌కి వరసగా ఖాళీ చోటు కావాలి. అది దొరకకపోతే 150, 200 ఎంబీ మిగిలి ఉండగానే ఆ పెట్టె వచ్చేస్తుంది.

గోదావరి మాస్టారు | మంగళవారం ఉదయం 8:50

బాబూ, చాలా చక్కగా చెప్పావు. నా దగ్గర పాత డెస్క్‌టాప్, విండోస్ 7 32-బిట్. మరి నాకు 4 జీబీ కూడా రాదా?

డల్లాస్ తెలుగోడు | మంగళవారం ఉదయం 9:20

రాదు మాస్టారూ. 32-బిట్ విండోస్ ఆ 4 జీబీలో సగం తన కోసమే ఉంచుకుంటుంది, సిమ్‌కి 2 జీబీ ఇస్తుంది. బూట్ సెట్టింగుల్లో యూజర్ భాగాన్ని 3 జీబీకి పెంచే వీలుంది, కానీ అప్పుడు విండోస్‌కీ, గ్రాఫిక్స్ డ్రైవర్‌కీ చోటు తగ్గి వేరే ఇబ్బందులు రావచ్చు. మీ ప్రాసెసర్ 64-బిట్‌దైతే 64-బిట్ విండోస్ వేయించుకోవడమే మేలు. ఎఫ్ఎస్ఎక్స్‌కి సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ గానీ యాక్సిలరేషన్ అనే అదనపు ప్యాక్ గానీ వేసి ఉంటే అక్కడ మొత్తం 4 జీబీ వాడుకుంటుంది. స్టీమ్ ఎడిషన్‌లో అది ముందే ఉంది.

కృష్ణాతీరం | మంగళవారం రాత్రి 10:15

డోర్ నంబర్ల లెక్క నాన్నకి చదివి వినిపించాను అన్నా, బస్సు సీట్ల దగ్గర ఆయనే "అవును, వరసగా దొరకవు" అన్నారు.

మీరడిగిన వివరాలు ఇవిగో. ఎల్ఓడీ రేడియస్ 6.5. టెక్స్చర్ మ్యాక్స్ లోడ్ 4096. శంషాబాద్ సీనరీతో వచ్చిన మాన్యువల్‌లో 4096 పెట్టమని ఉంది, అందుకే పెట్టాను. ఆటోజెన్ చివరి వరకూ ఉంది. లైబ్రరీలో యాడాన్లే 63 ఉన్నాయి, అన్నీ టిక్ పెట్టినవే.

సాయంత్రం ఎఫ్ఎస్‌యూఐపీసీ (సిమ్ లోపలి అంకెలు చదివే చిన్న ప్రోగ్రాం) వేసుకుని, దాని లాగింగ్‌లో మిగిలిన వీఏఎస్ చూపే 024సీ ఆఫ్‌సెట్ పెట్టి మళ్లీ అదే ఫ్లైట్ వేశాను. మిగిలిన వీఏఎస్ ఇలా ఉంది. చెన్నై గేటు దగ్గర 1,310 ఎంబీ. క్రూజ్‌లో (పైకెక్కి ఒకే ఎత్తులో సాగేటప్పుడు) 1,120. శంషాబాద్‌కి 40 నాటికల్ మైళ్ల దగ్గర 690. 12 మైళ్ల దగ్గర 330, అప్పటికే డింగ్ డింగ్ మని హెచ్చరిక మొదలైంది. 180 దగ్గర పడిపోయింది. అన్న చెప్పినట్టు పూర్తిగా నిండకుండానే.

బేగంపేట 09 | మంగళవారం రాత్రి 10:48

శభాష్ తమ్ముడూ, ఇంత శ్రద్ధగా కొలిచి పెట్టినవాళ్లు తక్కువ. ఈ లాగ్‌లోనే సగం జవాబుంది. చెన్నై గేటు నుంచి క్రూజ్ దాకా 190 తింటే, చివరి 40 మైళ్లలో 500 పైన తినేసింది. అంటే బరువంతా శంషాబాద్ వైపే ఉంది.

ఎల్ఓడీ రేడియస్ ముందు 4.5కి దించు. సిమ్ మెనూలో పెట్టగలిగే గరిష్ఠం అదే, పైది మనం చేత్తో రాసుకున్నది. వ్యాసార్ధం 4.5 నుంచి 6.5కి వెళ్తే వైశాల్యం రెండింతలు దాటుతుంది. ఆ రెండింతల నేలనీ, దాని మీది చెట్లనీ ఇళ్లనీ ఎప్పుడూ చేతిలో పట్టుకుని ఎగురుతున్నావన్నమాట. ఆటోజెన్ రెండు మెట్లు దించు.

63 సీనరీల గురించి: దూరంగా ఉన్నవాటి టిక్ తీస్తే అంతా సర్దుకుంటుందని చాలామంది చెబుతారు. నా అనుభవంలో చిన్న విమానాశ్రయాలు దూరంగా ఉంటే వాటివల్ల లోడింగ్ ఆలస్యమే ఎక్కువ, వీఏఎస్‌లో తేడా కొద్దిగానే ఉంటుంది. దారిలో ఫొటో సీనరీ (నేలంతా ఫొటోలతో పరిచినది) ఉంటే మాత్రం కచ్చితంగా తీసేయి, అది కిలోమీటర్ల కొద్దీ మేస్తుంది.

గురువారం ఎలా దిగావు అన్నదే నాకు అర్థం కావట్లేదు. ఆ రోజు ఏం మార్చావో గుర్తుచేసుకో.

సీతమ్మధార | బుధవారం మధ్యాహ్నం 2:30

వైజాగ్ విమానాశ్రయానికి ఉచిత సీనరీ చేసుకున్న అనుభవంతో చెబుతున్నాను. శంషాబాద్ సీనరీలో టెక్స్చర్ ఫోల్డర్ తెరిచి, ఫైళ్లని సైజు ప్రకారం పేర్చి చూడు తమ్ముడూ. పైన ఏవి ఉన్నాయో చెప్పు.

ఎందుకంటే, 1024 బై 1024 డీఎక్స్‌టీ5 (కుదించి దాచే ఒక పద్ధతి) టెక్స్చర్ మిప్‌మ్యాప్‌లతో కలిపి 1.3 ఎంబీ చిల్లర. అదే 4096 అయితే 21 ఎంబీ దాటుతుంది, పదహారింతలు. కంప్రెస్ చేయకుండా 32-బిట్ రంగుల్లో వదిలేస్తే ఒక్కో 4096 బొమ్మ 64 ఎంబీ. దానికి మిప్‌మ్యాప్‌లు కూడా లేకపోతే ఇంకా కష్టం. మిప్‌మ్యాప్ అంటే అదే బొమ్మకి సగం, పావు సైజు నకళ్లు. దూరం నుంచి చూసేటప్పుడు సిమ్ చిన్న నకలు వాడుకుంటుంది. నకలే లేకపోతే పది మైళ్ల అవతల చుక్కలా కనిపించే గోడకి కూడా పూర్తి బొమ్మే కావాలి.

కృష్ణాతీరం | బుధవారం రాత్రి 9:55

అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. 64 ఎంబీ ఫైళ్లు ఆరు! డీఎక్స్‌టీబీఎంపీ అనే టెక్స్చర్ ప్రోగ్రాంలో తెరిచి చూశాను, ఆరూ 32-బిట్, మిప్‌మ్యాప్‌లు లేవు. మూడు ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) కాంక్రీటు, ఒకటి టెర్మినల్ పైకప్పు. ఆ రోజు నల్లగా అయింది అదే! మిగతా రెండూ పార్కింగ్ స్థలం గడ్డి, లోపల కారిడార్ గోడలు. ఆ కారిడార్ కాక్‌పిట్‌లోంచి కనబడనే కనబడదు.

బేగంపేట అన్నా, గురువారం సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు ఫ్రేమ్స్ తక్కువగా ఉన్నాయని డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి నీళ్ల స్లైడర్ ఒక మెట్టు తగ్గించి ఓకే కొట్టాను, అంతే. రాత్రి బోర్డుల మీద అక్షరాలు మసకగా కనిపిస్తే సీఎఫ్‌జీ తెరిచి చూశాను. 4096 పోయి 1024 ఉంది. ఎల్ఓడీ కూడా 4.5 అయిపోయింది. మళ్లీ పాత విలువలే రాసి పెట్టాను.

బేగంపేట 09 | బుధవారం రాత్రి 10:10

దొరికింది! మెనూలో గ్రాఫిక్స్ సెట్టింగులు మార్చి ఓకే కొడితే ఎఫ్ఎస్ఎక్స్ ఆ రెండు విలువల్నీ తనకి తెలిసిన గరిష్ఠానికి తిప్పి రాసేస్తుంది. గురువారం నువ్వు దిగింది నీళ్ల స్లైడర్ వల్ల కాదు, ఈ రెంటివల్ల. రెండో మంచి ల్యాండింగ్ రోజు కూడా మెనూ ముట్టుకునే ఉంటావు.

సీతమ్మధార | బుధవారం రాత్రి 10:40

ఇప్పుడు పని ఇలా చెయ్యి. మొదట ఆ టెక్స్చర్ ఫోల్డర్ మొత్తం వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ఇది మర్చిపోవద్దు. తర్వాత ఆ ఆరు ఫైళ్లనీ 2048కి తగ్గించి, డీఎక్స్‌టీ5లో, మిప్‌మ్యాప్‌లతో సేవ్ చెయ్యి. ఒక్కొక్కటి 64 ఎంబీ నుంచి 5 చిల్లరకి వస్తుంది. ఆరూ కలిపి 384 పోయి 32 అవుతాయి. ఫైల్ పేరు, రకం మార్చకు. బీఎంపీని డీడీఎస్ (ఇంకో బొమ్మ ఫైల్ రకం) చేస్తే బొమ్మ తలకిందులై, పైకప్పు మీద గీతలన్నీ అటుదిటు అవుతాయి.

పేవేర్ కాబట్టి మార్చిన ఫైళ్లు ఇక్కడ ఎవరికీ పంచొద్దు. చేసినవాళ్లకి మెయిల్ రాయి. ఒక ఏప్రన్‌కి ఫొటోలు సేకరించి, రంగులు కుదిర్చి, గీతలు దిద్దడానికి నాకు నెలన్నర పట్టింది. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసే అరగంటలో ఇలాంటివి జారిపోతాయి. చెబితే సరిచేస్తారు.

అరకు రన్‌వే | గురువారం ఉదయం 7:30

ఇంత కష్టం ఎందుకండీ? 64-బిట్ సిమ్‌కి మారిపోతే సరిపోతుంది కదా. ఎక్స్-ప్లేన్ అనే సిమ్ 10.20 నుంచే 64-బిట్ అయింది, ప్రిపేర్3డీ అనే సిమ్ నాలుగో వెర్షన్ 2017 మేలో వచ్చింది, ఆ తర్వాత 2020లో కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్. వాటిలో ఈ 4 జీబీ గోడే లేదు.

డల్లాస్ తెలుగోడు | గురువారం ఉదయం 8:05

గోడ లేదన్నది నిజం, నేను వాడేదీ ప్రిపేర్3డీయే. కానీ అక్కడ నిజమైన ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఖర్చవుతాయి. మైక్రోసాఫ్ట్ 2024 సిమ్‌కి కనీసమే 16 జీబీ ర్యామ్ అడుగుతున్నారు, 32 ఉంటే మంచిదంటున్నారు. 4096 టెక్స్చర్లు కుప్పగా పోస్తే 4 జీబీ కార్డు అక్కడా ఆయాసపడుతుంది. అక్కడ ఇబ్బంది వస్తే కమ్యూనిటీ ఫోల్డర్ (యాడాన్లు ఉండేది) ఖాళీ చేసి, సగం సగం తిరిగి పెడుతూ దొంగని పట్టుకోవాలి. పైగా ఈ తమ్ముడు డబ్బు పెట్టి కొన్న 737 కొత్త సిమ్‌లో పనిచేయదు. మారాలనుకుంటే మారవచ్చు, దీనికోసం మారనక్కర్లేదు.

కృష్ణాతీరం | గురువారం రాత్రి 11:20

ఈ రోజు విమానం ఎగరేయలేదు, కొలతలే తీసుకున్నాను. డీఫాల్ట్ సెస్నా, మబ్బుల్లేని ఆకాశం, ట్రాఫిక్ సున్నా, ఎల్ఓడీ 4.5. శంషాబాద్‌లో ఒకే గేటు దగ్గర నిలబెట్టి, ప్రతిసారీ సిమ్ పూర్తిగా మూసి తెరిచి చూశాను.

సీనరీ టిక్ తీసేస్తే మిగిలిన వీఏఎస్ 2,840 ఎంబీ. టిక్ పెట్టి 4096 ఉంచితే 1,930. అంటే ఒక్క విమానాశ్రయం ఖరీదు 910 ఎంబీ! ఆ ఆరు ఫైళ్లూ మార్చాక 2,280. మ్యాక్స్ లోడ్ 1024కి దించాక 2,510. బోర్డులు కాస్త మసకగానే ఉన్నాయి. అందుకని 2048 పెట్టి చూస్తే 2,430 వచ్చింది, అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయి. దాంతోనే ఉండిపోతాను. పైకప్పు మాత్రం ఎంత చూసినా నాకు తేడా తెలియలేదు.

బేగంపేట 09 | శుక్రవారం ఉదయం 6:45

2048 మంచి నిర్ణయం. ఇకమీదట మెనూ ముట్టుకున్న ప్రతిసారీ సీఎఫ్‌జీ తెరిచి ఆ అంకె చూసుకో.

ఇంకొక అలవాటు చేసుకో. ఒకే సెషన్‌లో రెండు ఫ్లైట్లు వేయొద్దు. విమానం మార్చినా, లివరీ (విమానం మీది రంగులు) మార్చినా, పాతదాని చోటంతా సిమ్ తిరిగి ఇవ్వదు. చెన్నైలో వాడినదాంట్లో కొంత శంషాబాద్ దాకా మోసుకొస్తావు. దిగాక మూసి, మళ్లీ తెరిచి రెండోది మొదలుపెట్టు. బాగా పొడవైన రూట్లలో కొందరు క్రూజ్‌లో సేవ్ చేసి, సిమ్ మూసి తెరుస్తారు. పేవేర్ విమానాలు కొన్ని సేవ్ చేసిన స్థితిని సరిగ్గా తిరిగి తేవు, కాబట్టి ముందు నేల మీద పరీక్షించుకో.

డీఎక్స్10 ప్రివ్యూతో (సిమ్‌లోని ఇంకో గ్రాఫిక్స్ పద్ధతి) కొంత వీఏఎస్ మిగులుతుందని ఎవరైనా చెప్పవచ్చు. మిగులుతుంది, నిజమే. కానీ పాత సీనరీల్లో రన్‌వే మిణుకుమిణుకుమంటుంది, కొన్ని వస్తువులు తెల్లగా కనబడతాయి. నీకిప్పుడు అవసరం లేదు.

గోదావరి మాస్టారు | శుక్రవారం సాయంత్రం 5:10

నేను కూడా ఈ నాలుగు రోజులూ కొలిచాను. మా రాజమండ్రిలో డీఫాల్ట్ విమానం నిలబెడితేనే నాకు 700 ఎంబీ మిగులుతోంది. ఇన్నాళ్లూ హార్డ్‌డిస్క్ పాడైందనుకుని రెండుసార్లు మార్పించాను. ప్రాసెసర్ 64-బిట్‌దేనని మా మనవడు చూసి చెప్పాడు. ఆదివారం 64-బిట్ విండోస్ వేస్తానన్నాడు. సర్వీస్ ప్యాక్ 2 ఉందో లేదో ఎక్కడ చూడాలి?

డల్లాస్ తెలుగోడు | శుక్రవారం రాత్రి 7:00

సిమ్ తెరిచి హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కండి మాస్టారూ. వెర్షన్ నంబర్ కనిపిస్తుంది, అది ఇక్కడ పెట్టండి, చెబుతాను.

కృష్ణాతీరం | ఆదివారం రాత్రి 8:30

దిగాం!

737, రెండు సీనరీలూ ఆన్, ట్రాఫిక్ 30 శాతం. చెన్నై గేటు దగ్గర 1,640. క్రూజ్‌లో 1,480. 40 మైళ్ల దగ్గర 1,250. 1,200 అడుగులు దాటుతుంటే నా చేతులకి చెమట పట్టింది, నాన్న మాత్రం పైకప్పునే చూస్తున్నారు. తెల్లగానే ఉంది. చక్రాలు ఆనినప్పుడు 905, గేటు దగ్గర పార్కింగ్ బ్రేక్ వేసేసరికి 870. ఒక్క డింగ్ కూడా లేదు.

ఇంజిన్లు ఆపాక నాన్న "ఇప్పుడు డిపోలో పెట్టినట్టేనా?" అని అడిగారు. అవునన్నాను. వెంటనే వైజాగ్ వెళ్దామన్నారు. సిమ్ మూసి తెరవాలి, పది నిమిషాలు ఆగమన్నాను. టీ పెట్టుకురావడానికి లేచారు.

సీనరీ చేసినవాళ్లకి శుక్రవారమే మెయిల్ రాశాను అక్కా, ఆరు ఫైళ్ల పేర్లూ కొలతలూ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. మీ వైజాగ్ సీనరీ వేసుకోవచ్చా? దాని టెక్స్చర్లు ఎంత సైజువి?

సీతమ్మధార | ఆదివారం రాత్రి 8:52

అన్నీ 1024, డీఎక్స్‌టీ1. నేవీ హ్యాంగర్లు మాత్రం 2048. మొత్తం 70 ఎంబీ లోపే. సముద్రం వైపు నుంచి కాకుండా లోపలి నుంచి వస్తే కొండ దగ్గర జాగ్రత్త, మెష్ (నేల ఎత్తుపల్లాల వివరం) 38 మీటర్లకే పెట్టుకో. నాన్నగారిని కుడివైపు కూర్చోబెట్టు.